ఈటె కన్నా ముందు గుర్రం

మధ్యయుగాల యుద్ధాలను, ఈటె పోటీలను మైదానాల్లో మళ్లీ ఆడి చూపే కూటములు ఐరోపాలో, అమెరికాలో ఏటా జరుగుతున్నాయి. అక్కడ కనిపించే విద్యలన్నిటిలోకీ కష్టమైనది రౌతు విద్య. కాలినడకన పోరాడేవాడికి తన ఒళ్లు ఒక్కటి మాట వింటే చాలు. రౌతుకు అయిదువందల కిలోల మరో ప్రాణి కూడా మాట వినాలి. ఆ ప్రాణి పుట్టుకతోనే పారిపోయే స్వభావం కలది. చప్పుడైనా, తళుక్కుమన్నా, ఎదురుగా ఏదైనా దూసుకొచ్చినా దాని మొదటి జవాబు పరుగే. అటువంటి జంతువును కవచాల మోత మధ్యకు, జెండాల రెపరెపల మధ్యకు, తన మీదికే వస్తున్న మరో గుర్రం వైపుకు నడిపించడం ఈ విద్యలో అసలు భాగం. ఆయుధం తిప్పడం ఆ తర్వాతి మాట. జనం చప్పట్లు మాత్రం ఈటె విరిగినప్పుడే పడతాయి. దాని వెనక లాయాల్లోనూ ఖాళీ మైదానాల్లోనూ గడిచిన ఏళ్లను చూడాలంటే పోటీ మొదలవకముందే వెళ్లి గుర్రాల దగ్గర నిలబడాలి.

ఈ విద్యను చూడబోయే యాత్రికుడు ఋతువుల వెంట సాగాలి. ఈస్టర్ సెలవులకు ఉత్తర ఇంగ్లండ్‌లోని లీడ్స్, జూన్‌లో ఇటలీలోని అరెత్సో, జూలై నడుమ పోలండ్‌లోని గ్రున్‌వాల్డ్, ఆ వెంటనే సముద్రం దాటి పెన్సిల్వేనియా, అక్టోబరులో మళ్లీ ఇంగ్లండ్ దక్షిణ తీరానికి దగ్గర్లోని బ్యాటిల్ పట్టణం. చలికాలమంతా గుర్రాలకు పాఠాల కాలం.

లీడ్స్‌లో రాయల్ ఆర్మరీస్ మ్యూజియం 1996లో తెరుచుకుంది. బ్రిటన్ రాచ ఆయుధశాల సంపదలో పెద్ద భాగం ఇక్కడుంది. లోపల అద్దాల వెనక కవచాలు, బయట పోటీల కోసం ప్రత్యేకంగా కట్టిన మైదానం. లోపల చూసిన వస్తువు ఎందుకు ఆ ఆకారంలో ఉందో బయటికి రాగానే అర్థమయ్యే చోటు ఇలాంటిది మరొకటి అరుదు. ఈస్టర్ రోజుల్లో ఇక్కడ జరిగేది జౌస్టింగ్, అంటే ఇద్దరు రౌతులు ఎదురెదురుగా గుర్రాలను ఉరికించి ఒకరి డాలు మీద ఒకరు ఈటె విరగ్గొట్టే పోటీ. ఇద్దరి మధ్యా పొడవాటి చెక్క అడ్డుగోడ ఉంటుంది. దాన్ని టిల్ట్ అంటారు. మొదట్లో అది తాడు మీద వేలాడదీసిన గుడ్డ మాత్రమే. గుర్రాలు ఒకదాన్నొకటి గుద్దుకుని రౌతులూ గుర్రాలూ చచ్చిపోతుండడంతో 15వ శతాబ్దంలో ఈ ఏర్పాటు వచ్చి, త్వరలోనే పలకల గోడగా మారింది. రౌతులు ఎడమ పక్కలు ఎదురయ్యేలా వస్తారు. ఈటె కుడి చంకలో ఉంటుంది, మొన మాత్రం గుర్రం మెడ మీదుగా ఎడమవైపు ఏటవాలుగా సాగుతుంది. ఆ వాలు వల్లే దెబ్బ సూటిగా గుచ్చుకోకుండా ఈటె విరిగిపోతుంది. కవచం రొమ్ము మీద కుడివైపున ఉండే చిన్న ఇనుప కొక్కెం ఈటె వెనక్కు జారకుండా ఆపుతుంది. ఆ కొక్కెం లేకపోతే దెబ్బ బలమంతా మణికట్టు మీదే పడుతుంది.

నేటి పోటీల్లో చాలా చోట్ల ఈటె ముందుభాగాన్ని బాల్సా అనే మెత్తటి తేలిక కర్రతో చేస్తారు. అది తగలగానే ముక్కలవుతుంది, మొదలు భాగం మిగిలిపోతుంది. అనుభవజ్ఞులు కొందరు ఆసాంతం గట్టి కర్ర ఈటెలతోనే తలపడతారు. గుర్రాలు చెరో 30 కిలోమీటర్ల వేగంతో వచ్చినా ఇద్దరూ కలుసుకునే వేగం గంటకు 60 కిలోమీటర్లు అవుతుంది. ఈ క్రీడ ప్రాణాలు తీసిన సంగతి చరిత్రలో నమోదై ఉంది. ఫ్రాన్స్ రాజు రెండవ హెన్రీ 1559లో విరిగిన ఈటె పేడు శిరస్త్రాణం సందులోంచి దూసుకుపోయి, పది రోజులు నరకయాతన పడి మరణించాడు. అందుకే ఇప్పుడు కంటి సందు వెడల్పు నుంచి ఈటె కర్ర రకం దాకా ప్రతిదానికీ కట్టుదిట్టమైన నియమాలున్నాయి.

పోర్చుగల్ రాజు దువార్తె 1430ల ప్రాంతంలో స్వారీ మీద ఒక గ్రంథం రాశాడు. 1438లో మరణించేనాటికి అది పూర్తి కాలేదు. ఈటె పోటీలను స్వయంగా ఆడినవాడు, ఆడినవాడిగానే రాశాడు. రౌతులు గురి ఎందుకు తప్పుతారో ఆయన విడమరిచిన తీరు నేటి శిక్షకులకు ఇప్పటికీ పాఠ్యమే. కొందరు దెబ్బ తగిలే క్షణంలో కళ్లు మూసుకుంటారనీ, మూసుకున్న సంగతి వాళ్లకే తెలియదనీ ఆయన గమనించాడు. భయం గురించీ మనోబలం గురించీ ఆయన దాపరికం లేకుండా మాట్లాడాడు. ఆయుధ విద్య మీద వచ్చిన పుస్తకాల్లో ఇంత నిజాయితీ తక్కువ చోట్ల దొరుకుతుంది. ఆ రాజు దేశస్థులే వందేళ్లు తిరక్కముందే గోవా రేవును చేజిక్కించుకుని, విజయనగర సైన్యానికి గుర్రాలు అమ్మే వ్యాపారాన్ని తమ గుప్పిట్లోకి తెచ్చుకున్నారు.

గుర్రం వైపు నుంచి చూస్తే ఈ పోటీలో దానికి అప్పగించిన పని వినడానికి చిన్నది: గోడ పక్కన వంకర లేకుండా ఒకే లయలో పరుగెత్తి, చివర ఆగాలి. చేయించడం మాత్రం ఏళ్ల పని. మొదట గుర్రాన్ని కవచం లేని రౌతుతో గోడ వెంట నడిపిస్తారు. నడిచి, ఆగి, మెడ నిమిరించుకుని వెనక్కి వస్తుంది. తర్వాత ట్రాట్ అనే దుడుకు నడక, ఆ తర్వాత క్యాంటర్ అనే నెమ్మది దౌడు. అవతలి పక్క నుంచి మరో గుర్రాన్ని నడకతో దాటిస్తారు, చాలా రోజులకు గానీ వేగం పెంచరు. ఈటెను ముందు కింద పెట్టి వాసన చూడనిస్తారు, తర్వాత మెడకూ భుజానికీ తాకిస్తారు, ఆపైన రౌతు చేతికి అందిస్తారు. కర్ర విరిగే చప్పుడును దూరం నుంచి మొదలుపెట్టి దగ్గరకు తెస్తారు. ఈ మెట్లలో ఒకదాన్ని దాటేస్తే దాని ఫలితం పోటీ రోజున, జనం ముందు బయటపడుతుంది.

కొన్నాళ్లకు ఇంకో చిక్కు మొదలవుతుంది. గుర్రానికి ఆట తెలిసిపోతుంది. గోడ చివర నిలబెట్టగానే చెమటలు పట్టి, అటూ ఇటూ అడుగులేస్తూ, సైగ రాకముందే ఉరకబోతుంది. చూసేవాళ్లకు అది వీరావేశంలా కనిపిస్తుంది కానీ మంచి శిక్షకుడు దాన్ని లోపంగానే లెక్కవేస్తాడు. దానికి మందు ఒక్కటే: గోడ వెంట పరుగెత్తించిన సార్లకన్నా నడిపించిన సార్లు ఎక్కువ ఉండాలి. పాతకాలం జర్మన్ పోటీల్లో గుర్రం బెదరకుండా కళ్లు పూర్తిగా కప్పేసే ముఖకవచాలు తొడిగేవారు. నేటి ముఖకవచాలు కళ్ల చుట్టూ అంచులు కట్టి కాపాడతాయి, చూపును వదిలేస్తాయి. చూస్తూ కూడా నిలబడగలిగిన గుర్రాన్ని తయారుచేయడం పాత పద్ధతి కన్నా నిస్సందేహంగా గొప్ప పని.

అరెత్సోలో దృశ్యం మారుతుంది. టస్కనీలోని ఈ ఊరి నడిబొడ్డున వాలుగా ఉండే పియాత్సా గ్రాందె అనే చౌకులో మట్టి పరిచి పరుగు బాట వేస్తారు. జోస్త్రా దెల్ సారచీనో అనే పోటీ జూన్‌లో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి జరుగుతుంది. ఊరి నాలుగు పేటలూ తలపడతాయి. దీని మూలాలు పాతవే అయినా ఇప్పటి రూపం 1931లో పునరుద్ధరించినది. ఇక్కడ ఎదుటివాడు మనిషి కాదు, బురాత్తో అనే బొమ్మ. దాన్ని ‘ఇండీస్ రాజు’ అని పిలుస్తారు. ఐరోపావాసుల ఊహలో తూర్పుదేశాల రాజుకు దక్కిన పాత్ర అది, భారతీయుడు చూడవలసిన విశేషం. బొమ్మ ఎడమ చేతిలో గడులు గీసిన డాలు, కుడి చేతిలో బరువైన బంతులు వేలాడే కొరడా ఉంటాయి. ఈటె డాలుకు తగలగానే బొమ్మ గిర్రున తిరుగుతుంది. రౌతు వేగంగా దాటిపోకపోతే కొరడా వీపుకు తగులుతుంది. గడిని బట్టి ఒకటి నుంచి అయిదు దాకా మార్కులు, ఈటె విరిగితే రెట్టింపు.

తిరిగే బొమ్మ మీద గురి సాధన చేయడం మధ్యయుగాల నుంచీ రౌతులకు పాఠమే. ఇంగ్లిషువాళ్లు దాన్ని క్వింటెయిన్ అంటారు. వేలాడే ఉంగరాన్ని ఈటె మొనతో ఎగరేసుకుపోవడం దాని తర్వాతి మెట్టు. ఉంగరం చిన్నదయ్యేకొద్దీ నేర్పు బయటపడుతుంది. ఈ రెంటిలోనూ కొత్తవాడు చేతితో గురి పట్టబోతాడు, ఈటె మొన గాలిలో ఊగులాడుతుంది. పాతవాడి చేయి దాదాపు కదలదు. క్యాంటర్‌లో గుర్రం వీపు లేచి దిగే లయను అతని నడుము తాగేస్తుంది. ఈటె మొన సరళరేఖలో సాగిపోతుంది. అందుకే మంచి శిక్షకులు శిష్యుడికి నెలల తరబడి ఈటె ఇవ్వరు. రికాబులు తీసేసి, పగ్గాలు వదిలేయించి, గుండ్రంగా తిరిగే గుర్రం మీద చేతులు చాపి కూర్చోమంటారు.

ఇదే నేర్పు భారత సైనికులకు టెంట్ పెగ్గింగ్‌గా బాగా పరిచయం. నేలలో పాతిన చిన్న మేకును దౌడులో ఈటెతో పెకలించుకుపోవడం అది. వాళ్ల చేతిలో ఈటె వినోద వస్తువుగా మారి ఎన్నాళ్లో కాలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో హైదరాబాద్ లాన్సర్స్, మైసూర్, జోధ్‌పూర్ లాన్సర్స్‌తో కలిసి ఒకే బ్రిగేడ్‌లో పాలస్తీనాలో పనిచేశారు. 1918 సెప్టెంబరు 23న ఆ బ్రిగేడ్‌కు చెందిన జోధ్‌పూర్, మైసూర్ దళాలు గుర్రాల మీద దూసుకెళ్లి హైఫా పట్టణాన్ని పట్టుకున్నాయి. ఇవాళ హైదరాబాద్‌లోని జాతీయ పోలీసు అకాడమీలో యువ అధికారులకు గుర్రపు స్వారీ శిక్షణలో భాగంగానే ఉంది. ‘రౌతు కొద్దీ గుర్రం’ అనే తెలుగు సామెత అక్కడి మైదానంలోనూ అరెత్సో చౌకులోనూ ఒకేలా చెల్లుతుంది.

గ్రున్‌వాల్డ్‌కు వచ్చేసరికి ఒంటరి పోటీ పోయి సైన్యం ఎదురవుతుంది. 1410 జూలై 15న పోలండ్ రాజు యగియెవో, లిథువేనియా సేనలతో కలిసి ఇక్కడ ట్యుటానిక్ నైట్లనే జర్మన్ యోధ సన్యాసుల సంఘాన్ని ఓడించాడు. వాళ్ల అధిపతి ఉల్రిక్ ఫాన్ యుంగింగెన్ రణంలోనే కూలాడు. 1990ల చివర నుంచీ ఏటా ఆ తేదీకి దగ్గరి శనివారం నాడు ఇక్కడ యుద్ధాన్ని పునరభినయిస్తున్నారు. పదాతులు ఎందరెందరో, రౌతులు కొద్దిమందే. అయినా మైదానాన్ని నడిపేది రౌతులే. జూలై ఎండ, దుమ్ము, తప్పెటలు, ఫిరంగుల పొగ, వేల మంది ప్రేక్షకుల కేకలు, ఇవన్నీ గుర్రం చెవులకు ఒకేసారి చేరతాయి.

ఇంతటి గందరగోళానికి గుర్రాన్ని అలవాటు చేయడానికి దాని చూపును అర్థం చేసుకోవాలి. కళ్లు తలకు ఇరుపక్కలా ఉండడంతో అది తన చుట్టూ దాదాపు అంతటినీ చూడగలదు. నుదుటికి సరిగ్గా ఎదురుగా, తోక వెనకాల మాత్రం కనబడని చోట్లున్నాయి. ఎడమ కంటితో చూసి భయం పోగొట్టుకున్న జెండానే కుడి కంటికి చూపిస్తే మళ్లీ బెదిరే గుర్రాలున్నాయి. కాబట్టి ప్రతి పాఠమూ రెండు పక్కలా చెప్పాలి. జెండాను గుర్రం మీదికి తీసుకురావడం తెలివితక్కువ పద్ధతి. జెండా పట్టుకున్న మనిషి వెనక్కి నడుస్తుంటే గుర్రాన్ని అతని వెంట నడిపిస్తారు. తనను తరుముతున్నది తాను తరిమేదిగా మారడంతో గుర్రానికి ధైర్యం వస్తుంది. చెవులు మెత్తబడి, తల కిందికి దిగి, పెదవులు ఆడించిన క్షణంలోనే ఒత్తిడి తీసేస్తారు. ఆ క్షణాన్ని పట్టుకోగలగడం శిక్షకుడి ప్రతిభ, పుస్తకాల్లో దొరికేది కాదు. గుర్రం మందలో బతికే జంతువు గనక అనుభవమున్న ముసలి గుర్రాన్ని పక్కన నిలబెడితే సగం పని అదే చేసిపెడుతుంది. కొట్టి నిలబెట్టిన గుర్రం కూడా నిలబడుతుంది, నిజమే. కానీ దెబ్బ భయం కన్నా పెద్ద భయం ఎదురైన రోజున రౌతును కింద పడేసి పోతుంది. ఈ రంగంలో దయ అన్నది మెతకదనం కాదు, ప్రాణరక్షణ.

కత్తితో పోరాడే రౌతు పగ్గాలు ఎడమచేయి ఒక్కదానితోనే పట్టాలి. అదే చేతికి డాలు కూడా ఉంటుంది. కాబట్టి గుర్రాన్ని తిప్పే పని పిక్కలకూ నడుముకూ మారుతుంది. మెడకు పగ్గం తాకితే తిరగడం, వెనక కాళ్ల మీద ఉన్నచోటే గిరికీ కొట్టడం, పక్కకు అడుగులేయడం, దౌడు నుంచి రెండడుగుల్లో ఆగడం, ఇవన్నీ నేటి స్వారీ పోటీల్లో అందం కోసం కనిపించే కదలికలు. ఇక్కడ వాటి అసలు ప్రయోజనం తెలుస్తుంది. కుడిచేతి రౌతుకు బలహీనమైన చోటు తన ఎడమ వెనకభాగం. కత్తి అక్కడికి చేరదు. అందుకే ఇద్దరు రౌతుల పోరు అంతా ఒకరి ఎడమ వెనక్కి మరొకరు చేరాలనే గుండ్రటి పెనుగులాటగా మారుతుంది. ఎవరి గుర్రం చిన్న వలయంలో తిరగగలదో వారిదే గెలుపు. ఇటలీ కత్తివిద్యా గురువు ఫియోరె దెయి లిబెరి 1410 ప్రాంతంలో రాసిన గ్రంథంలో గుర్రం మీది పోరుకు ఒక భాగమే ఉంది. ఎదుటివాడి కళ్లెం అందుకుని గుర్రాన్నే తిప్పేయడం, రికాబు పట్టి ఎత్తి మనిషిని అవతలికి పడేయడం అందులో బొమ్మలతో సహా కనిపిస్తాయి. అటువంటి పట్లు నేటి మైదానాల్లో గుర్రాలకు ప్రమాదం గనక నెమ్మదిగా, ఒప్పందం మీద మాత్రమే చేసి చూస్తారు. కత్తి సాధనంతా మొదట చెక్క గుర్రం మీదే జరుగుతుంది. తన గుర్రం చెవినే కోసుకునే ప్రమాదం కొత్తవాడికి ఎదుటివాడి కత్తి కన్నా దగ్గరిది.

యుద్ధాశ్వం అనగానే సినిమాలు కొండంత గుర్రాన్ని చూపిస్తాయి. ఇంగ్లండ్‌లో తవ్వకాల్లో దొరికిన ఎముకలను కొలిచి 2021లో వెలువరించిన పరిశోధన మరో మాట చెప్పింది. మధ్యయుగపు గుర్రాల్లో అత్యధికం భుజం దగ్గర 147 సెంటీమీటర్ల లోపే, అంటే నేటి లెక్కలో పోనీ ఎత్తు. పునరభినయాల్లోనూ పొట్టిగా, బలిష్ఠంగా ఉండే గుర్రాలకే గిరాకీ. బరువు లెక్క దీనికి ఒక కారణం. గుర్రం తన బరువులో అయిదో వంతుకు మించి మోయకూడదని నేటి శిక్షకులు సాధారణంగా పాటిస్తారు. అయిదువందల కిలోల గుర్రానికి అది వంద కిలోలు. 70 కిలోల మనిషి, 25 కిలోల యుద్ధ కవచం, 10 కిలోల జీను కలిస్తేనే హద్దు దాటింది. అందుకని కవచం రౌతు చివరి నిమిషంలో తొడుక్కుంటాడు, పని కాగానే దిగిపోతాడు. మగ గుర్రాల్లో విత్తు కొట్టినవాటినే ఎక్కువమంది ఎంచుకుంటారు. మధ్యయుగపు నైట్లు విత్తుగుర్రాలను ఎక్కినా, గుంపులో వాటిని అదుపు చేయగల చేతులు ఇప్పుడు తక్కువ.

పెన్సిల్వేనియాలోని స్లిప్పరీ రాక్ దగ్గర వేసవిలో రెండు వారాలపాటు జరిగే పెన్సిక్ వార్‌కు కోటలూ లేవు, పాత రణక్షేత్రమూ లేదు. దీన్ని నడిపే సొసైటీ ఫర్ క్రియేటివ్ అనాక్రోనిజం అనే సంస్థ 1966లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో ఒక పెరటి ఉత్సవంగా మొదలైంది. పెన్సిక్ 1972లో ఆరంభమై నేడు పదివేల మందికి పైగా చేరే గుడారాల ఊరైంది. వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఉద్యోగస్తులు, సెలవుల్లో సాధన చేసేవాళ్లు. అందుకే ఈ సంస్థ ఆటలు మొదటి మెట్టు దగ్గరివాళ్లను కూడా కలుపుకుంటాయి. కర్రల మీద పెట్టిన నకిలీ తలలను కత్తితో కొట్టడం, ఉంగరాలు, గడ్డిమోపుకు బల్లెం విసరడం వంటివి నడకతో చేసినా ఒప్పుకుంటారు, వేగం కోసం ఒత్తిడి ఉండదు. ఇద్దరు రౌతులు తలపడే ఆటలో శిరస్త్రాణం మీద కట్టిన తురాయిని మెత్తటి దుడ్డుతో పడగొట్టాలి. ఇది చిన్నపిల్లల ఆటలా కనిపించినా దీనికి పెద్ద పూర్వరూపమే ఉంది. రెనె దాంజూ అనే ఫ్రెంచి ప్రభువు 1460 ప్రాంతంలో టోర్నమెంట్ల గురించి రాసిన గ్రంథంలో మొండి కత్తులతో, దుడ్లతో శిరోభూషణాలను కొట్టే పోరు సవిస్తరంగా ఉంది. ఈటె కన్నా ఈ ఆటే గుర్రపు శిక్షణను బాగా పరీక్షిస్తుందని చెప్పాలి. ఇందులో సరళరేఖ లేదు, గోడ లేదు. మరో గుర్రానికి మోకాలు తగిలేంత దగ్గరగా నిలబడి, దాన్ని కరవకుండా, తన్నకుండా, రౌతు అడిగినప్పుడల్లా తిరగాలి. అంటురోగాల భయంతో గుర్రాలకు రక్తపరీక్ష పత్రం చూపించనిదే మైదానంలోకి రానివ్వరు.

చివరి మజిలీ బ్యాటిల్. 1066 అక్టోబరు 14న నార్మండీ ప్రభువు విలియం ఇంగ్లండ్ రాజు హెరాల్డ్‌ను ఓడించిన హేస్టింగ్స్ యుద్ధం నిజానికి హేస్టింగ్స్‌లో కాదు, అక్కడికి పది కిలోమీటర్ల దూరంలోని ఈ గట్టు మీద జరిగింది. విలియం కట్టించిన మఠం శిథిలాలు గట్టు మీదున్నాయి. ఇంగ్లిష్ హెరిటేజ్ సంస్థ అక్టోబరు వారాంతంలో ఇక్కడ యుద్ధాన్ని ఆడి చూపిస్తుంది. నార్మన్ రౌతులు పల్లం నుంచి పైకి రావాలి. గట్టు మీద ఇంగ్లిషు పదాతులు డాళ్లు ఆనించుకుని నిలబడతారు. వాలు ఎంత శ్రమో గుర్రాల ముక్కుపుటాలు చెబుతాయి. వానకు తడిసిన పచ్చిక మీద డెక్కలు జారతాయి. అలాంటి రోజున వేగం తగ్గించడమే సరైన రౌతుతనం.

ఇక్కడ తేలే మొదటి విషయం: గుర్రం నిలబడిన మనుషుల గోడలోకి తనంతట తాను దూకదు. దూకమని నేర్పరు కూడా. గోడ దగ్గరికి వచ్చి, పక్కకు తిరిగి, దాని వెంట సాగిపోవడం నేర్పుతారు. రౌతు ఆ దారిలో ఈటె విసురుతాడు, లేదా పొడుస్తాడు. పదాతులకు కూడా శిక్షణ తప్పదు. గుర్రం మీద దెబ్బ వేయకూడదు, పగ్గం పట్టకూడదు, ఎవరైనా కిందపడితే అందరూ ఆగిపోవాలి. ఈ యుద్ధాన్ని చూపే, సుమారు 70 మీటర్ల పొడవున మిగిలిన బేయూ కుట్టుపని పటంలో నార్మన్ రౌతులు ఈటెను కొందరు తల మీదుగా ఎత్తి, కొందరు చంక కింద ఇరికించి పట్టుకున్నారు. రెండు పట్లనూ ఈ వాలు మీద చేసి చూస్తే డాళ్ల గోడ ముందు ఎత్తి పట్టిన ఈటె ఎందుకు పనికొస్తుందో బోధపడుతుంది. పొడిచాక దాన్ని వదిలేయవచ్చు, గుర్రం ఆగనక్కర్లేదు.

రెండోది నార్మన్ల బూటకపు పలాయనం. పారిపోతున్నట్టు నటించి, తరుముతూ వచ్చిన ఇంగ్లిషువాళ్ల మీదికి హఠాత్తుగా వెనుదిరిగారని పాత కథనాలు చెబుతాయి. ఒకసారి పరుగందుకున్న గుర్రాల దళాన్ని మళ్లీ తిప్పడం అసాధ్యమని కొందరు సైనిక చరిత్రకారులు దీన్ని కట్టుకథగా కొట్టిపారేశారు. బ్యాటిల్ మైదానంలో చిన్న చిన్న జట్లుగా రౌతులు వెనక్కి ఉరికి, జెండా సైగకు ఆగి, తిరిగి గట్టెక్కడం చూస్తే ఆ అనుమానం బలహీనపడుతుంది. దీనికి గుర్రం గుంపును విడిచి రాగలగాలి. తోటివి పారిపోతుంటే తాను ఆగగలగాలి. మందజీవికి ఇదే అన్నిటికన్నా కఠినమైన పాఠం. అందుకే ఒకే జట్టు గుర్రాలను కలిపి మేపుతారు, కలిపి నడిపిస్తారు, మధ్యలో ఒక్కొక్కదాన్నీ విడదీసి మళ్లీ కలుపుతారు. నార్మన్ రౌతులు కూడా చిన్నప్పటి నుంచి ఒకే ప్రభువు కొలువులో జట్లుగా సాధన చేసినవాళ్లే. కొద్దిపాటి గుర్రాలతో ఆడిన ఆట వేల గుర్రాల రోజును రుజువు చేయలేదు. జట్టు చిన్నదై, గుర్రాలు ఒకదానికొకటి తెలిసినవైతే వెనుదిరగడం సాధ్యమేనని మాత్రం ఈ గట్టు మీద ఏటా కళ్లారా చూడవచ్చు.